కోపం అక్కదా, మాత్రదా?

మా అక్కకు మూర్ఛ ఉంది. ఈ సంగతి మన పత్రికలో రాయొచ్చా అని అడిగితే "రాయి, దాచుకోవడానికి అదేమన్నా దొంగసొమ్మా?" అన్నది. అందుకే రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు మా అవ్వ బీగంచెవుల గుత్తి తెచ్చి అక్క చేతిలో పెట్టింది. కాసేపటికి ఆగింది. అది ఇనుము మహిమ కాదు, చాలాసార్లు ఒకటి రెండు నిమిషాల్లో దానంతట అదే ఆగుతుందట. తర్వాత బెంగళూరులో డాక్టరు లెవెటిరాసెటమ్ అనే మాత్ర రాసిచ్చారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఫిట్స్ నిలిచిపోయినాయి. ఇల్లంతా ఊపిరి పీల్చుకున్నాము.

కాని అక్క మారిపోయింది. ఎప్పుడూ గొంతు లేవనిది, సంగటి గట్టిగా ఉందని తట్ట తోసేసింది. ఒకరోజు నా సైన్సు రికార్డు నోటు చించి నడింట్లో పారేసింది. "ఈ ఇంట్లో వాడి చదువే చదువు, నాది లెక్కలో లేదు" అని అరిచింది. నాయన చెయ్యెత్తినాడు, అమ్మ అడ్డం పడింది. నేను పదిరోజులు అక్కతో మాట్లాడలేదు.

మళ్ళీ చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరే "కోపం ఎక్కువైందా అమ్మా?" అని అడిగారు. ఈ మాత్ర కొందరికి చిరాకు, కోపం తెస్తుందట. ఒక్కో మందుకు ఒక్కో గుణం. 1938 నుంచి మూర్ఛకు వాడుతున్న ఫెనిటోయిన్ వల్ల చిగుళ్ళు ఉబ్బుతాయి. కార్బమజెపైన్ వేసుకున్నవాళ్ళలో ఎక్కడో ఒకరికి పాట శ్రుతి తగ్గినట్టు వినిపిస్తుంది! హార్మోనియం బాగానే ఉంటుంది, వినేవాళ్ళకే తేడా. మందును ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉందని, మెల్లగా తగ్గిస్తూ ఇంకో మందుకు మార్చారు.

అప్పుడు అమ్మ "అదంతా మాత్ర చేసిన పని, మరిచిపోరా" అన్నది. నాకూ హాయిగా అనిపించింది, క్షమించడం సులభమైంది. అక్క మాత్రం ఒప్పుకోలేదు. రెండు రాత్రులు కూర్చొని నా రికార్డు మళ్ళీ రాసి బొమ్మలన్నీ వేసిచ్చింది. "తప్పు మాత్రది కదా, నీకెందుకు ఈ పని?" అన్నాను. "చించిన చెయ్యి నాదే కదరా. అయినా నేనన్న మాట మాత్రది కాదు" అన్నది.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఫిట్స్ వచ్చిన తర్వాత అక్కను కాలేజీ మాన్పించినారు. అదే నెలలో నన్ను ట్యూషన్‌లో చేర్పించినారు. ఆమె అరిచేదాకా ఈ రెండూ పక్కపక్కన పెట్టి నేను చూడనేలేదు. మాత్ర కట్ట తెంచిందేమో, చెరువులో నీళ్ళు ముందునుంచే ఉండె.

ఇప్పుడు మా ఇంట్లో ఇంకో అలవాటు వచ్చింది. అక్క గొంతు కొంచెం పెరిగితే చాలు, "మాత్ర వేసుకున్నావా?" అంటారు. పోయిన వారం మళ్ళీ కాలేజీకి పోతానని అడిగితే నాయన అదే ప్రశ్న వేసినాడు. అక్క లేచి వంటింట్లోకి పోయింది. నోటు చించడం కంటే ఇది పెద్ద తప్పని నాకు అనిపిస్తుంది. నోటు మళ్ళీ రాయొచ్చు. ఒక మనిషి కోపాన్నే ఆమెది కాదంటే ఆమె ఇంక ఏ మాటతో అడగాలి? మందు వల్ల ఎంత, మనసు వల్ల ఎంత అని తూచే తక్కెడ డాక్టరు దగ్గర కూడా లేదు. తూచలేనప్పుడు, ముందు ఆ మాట నిజమా కాదా అని చూడాలి కదా!

నాయన ఇంకా జవాబు చెప్పలేదు. ఈసారి అక్క అడిగేటప్పుడు నేను పక్కన నిలబడతాను.