చేతి బరువు

పన్ను నొప్పి లేకుండా పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళే ఆడది కూడా ఉంటుందా అని నవ్వకండి. నాలుగు నెలలుగా పళ్ళు తోముకుంటుంటే నురగలో ఎర్రటి చార కనిపిస్తోంది. మా వారితో చెప్పలేదు. చెబితే "నే ముందే చెప్పానా!" అనే పురాణం మొదలవుతుంది. ఆఖరికి నిన్న ఒక్కదాన్నే డెంటల్ కాలేజీకి వెళ్ళాను.

"చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందామ్మా?" అంది డాక్టరమ్మాయి.

"అబ్బే, ఎప్పుడో ఒకసారి" అన్నాను. నలభై ఎనిమిదేళ్ళదాన్ని, నవలల్లో ఎంతమంది చేత నిజాలు కక్కించానో! అంత నోరు తెరుచుకుని కూర్చున్నా నా నిజం మాత్రం బయటికి రాలేదు.

పక్కనే కొత్తగా నేర్చుకుంటున్న పిల్ల. చేతిలో మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి పుల్ల. ప్రోబ్ అంటారు. దాన్ని పంటికీ చిగురుకీ మధ్య, పంటిని ఆనించి నిలువునా దింపి, చిన్న చిన్న అడుగులు వేయిస్తూ పంటి చుట్టూ నడిపించాలి. పంటికి ఆరు కొలతలు. 3 మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు, అంతకు మించితే అనుమానించాలి. నొప్పి లేదు కదా అని ఊరుకోడానికి లేదుట, ఈ జబ్బు చాలామందిలో నొప్పి లేకుండానే లోతుకు పోతుందిట.

ఆ పిల్ల గుచ్చింది. "అమ్మా!" అన్నాను. "ఆరు" అని చదివింది.

"ఏదీ, నీ గోరు కింద పెట్టి నొక్కి చూసుకో" అంది డాక్టరమ్మాయి. "నీకు నొప్పి పుట్టనంత బరువే ఇక్కడా. ఇరవై, పాతిక గ్రాములు, అంతే. వాచిన చిగుర్ని గట్టిగా పొడిస్తే దిగిపోతుంది. అది ఆవిడ జబ్బు లోతు కాదు, నీ చేతి బరువు. అలాగని భయపడి పైపైన తాకి వదిలేస్తే, అంతా బాగుందని రాసేస్తావు."

మళ్ళీ కొలిచారు. నాలుగు. కొలిచినచోట రక్తం చుక్క పైకి వచ్చింది. డాక్టరమ్మాయి దాన్ని చూసింది, నన్ను చూసింది, ఏమీ అనకుండా రాసుకుంది.

దారంతా మా అమ్మాయే కళ్ళ ముందు. అత్తవారింటినించి వచ్చి పది రోజులైంది. పండగా కాదు, పురుడూ కాదు. "ఏం జరిగింది? అతనేమన్నాడు? అత్తగారేమన్నారు?" అని పొద్దస్తమానం అడిగాను. మొన్న రాత్రి "అవునమ్మా, అందరూ చెడ్డవాళ్ళే, సరేనా?" అని తలుపేసుకుంది. తెల్లవార్లూ అల్లుణ్ణి తిట్టుకున్నాను. అది దాని కష్టం లోతా, నా చేతి బరువా? మా వారేమో "దాని మానాన దాన్ని వదిలెయ్" అంటారు. అదీ మంచితనంలాగే కనిపిస్తుంది గాని, చిగురు పైపైన తాకి వదిలేసినట్టే కదూ? కన్నతల్లికి అడిగే హక్కు లేదా అంటారు మీరు. ఉంది. కాని గోరు కింద పెట్టి చూసుకున్నానా ఒక్కసారైనా?

ఇంటికొచ్చేసరికి అమ్మాయి వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"ఏమన్నారమ్మా డాక్టరు?"

"నాలుగు నెలలుగా రక్తం వస్తోందే. ఎవరికీ చెప్పలేదు" అన్నాను.

దాని చెయ్యి ఆగింది. "నాక్కూడానా?" అంది.

ఇంకేం అడగలేదు నేను. చిక్కుడుకాయల బుట్ట ఇటు లాక్కుని, దాని పక్కనే కూర్చున్నాను.