రూపం మిగిలింది, నామమేది?

ఏదైనా పూర్తిగా నశించిందని చెప్పవలసి వస్తే తెలుగులో ‘నామరూపాలు లేకుండా పోయింది’ అంటాం. పేరూ, ఆకారమూ రెండూ పోయినప్పుడే నాశనం సంపూర్ణమని ఈ మాటలోని భావం. మరి రూపం నిలిచి నామం పోతే ఆ మనిషి మిగిలినట్టా, పోయినట్టా? స్కాట్లండ్ పల్లెల పాత ఛాయాచిత్రాలు చూసినప్పుడల్లా ఈ ప్రశ్న మనల్ని వెంటాడుతుంది.

ఎడిన్‌బరో నగరానికి ఉత్తరాన, సముద్రపు ఒడ్డున న్యూహేవెన్ అనే జాలరిపల్లె ఉండేది. నేడది నగరంలో కలిసిపోయింది. 1840లలో చిత్రకారుడు డేవిడ్ ఆక్టేవియస్ హిల్, యువకుడైన రాబర్ట్ ఆడమ్‌సన్ కలిసి ఆ పల్లెవాసుల ఛాయాచిత్రాలు ఎన్నో తీశారు. వారిది కాగితం మీదనే నెగటివ్ ఏర్పడే కాలోటైప్ పద్ధతి. మంచి ఎండలోనైనా మనిషి కొంతసేపు కదలకుండా ఉండవలసిందే. అందువల్ల అలలపై ఊగే పడవ, వల లాగే చేతులు ఆ కెమెరాకు చిక్కలేదు. ఒడ్డున పడవకు ఆనుకొని నిలిచిన జాలరులు, గంపల పక్కన ఆగిన స్త్రీలు మాత్రమే మనకు దక్కారు. ఆ స్త్రీలు చేపల గంపను వీపున మోసుకొని నగర వీధులలో తిరిగి అమ్మేవారు. గంప చిత్రంలో కనిపిస్తుంది, దాని బరువు కనిపించదు.

నిజానికి ఆ ఇద్దరినీ కలిపిన పని వేరు. 1843లో స్కాట్లండ్ చర్చి చీలిపోయింది. ఆ ఘట్టాన్ని పెద్ద వర్ణచిత్రంగా గీయదలచిన హిల్, మతాచార్యుల ముఖాలలో పోలిక తప్పకుండా ఉండాలని ఛాయాచిత్రాలను ఆశ్రయించాడు. 1866లో పూర్తయిన ఆ చిత్రంలో 450 మందికి పైగా ఉన్నారు. వారు చరిత్ర పురుషులు. అదే కెమెరా ముందు నిలిచిన న్యూహేవెన్ వారిలో కొందరి పేర్లు నిలిచాయి. మరికొందరు ‘జాలరి’, ‘జాలరి స్త్రీ’ అనే వృత్తినామంతోనే ఉండిపోయారు. తండ్రి లాగు తొడుక్కున్న ఒక కుర్రవాడి చిత్రం ఆ లాగు పేరుతోనే ప్రసిద్ధికెక్కింది.

జర్మన్ ఆలోచనాపరుడు వాల్టర్ బెన్యమిన్ 1931లో న్యూహేవెన్ మత్స్యకారిణి చిత్రం గురించి రాశాడు. తలవంచి నిలిచిన ఆమెను చూశాక ఛాయాగ్రాహకుని నేర్పును మెచ్చి ఊరుకోలేమనీ, ఒకనాడు జీవించిన ఆ స్త్రీ పేరేమిటన్న ప్రశ్న అణగదనీ ఆయన భావం. ఆమె పేరు ఎలిజబెత్ జాన్‌స్టన్ హాల్ అని నేడు చిత్రసేకరణలలో నమోదై ఉంది. పేరు తెలియగానే చిత్రం మారదు, మన చూపు మారుతుంది. అంతవరకు ‘ఎంత అందమైన చిత్రం’ అనుకున్నవాళ్ళం, ‘ఈమె ఎవరి బిడ్డ, ఆ పూట చేపలు అమ్ముడుపోయాయా’ అని ఆలోచిస్తాం.

నామరూపాలు నశ్వరమని మన వేదాంతమే చెబుతుంది కదా, వాటికోసం ఇంత తాపత్రయం ఎందుకని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. పేరు తెలిసినందువల్ల పోయినవారికి కొత్తగా కలిగే మేలు ఏదీ లేకపోవచ్చు. కాని నశ్వరత్వం అందరికీ సమానమైనప్పుడు, మతాచార్యుని పేరు నిలిపి చేపలమ్మే స్త్రీ పేరు వదిలేయడం వైరాగ్యం కాదు, ఉపేక్ష. పేరు అడగడం పోయినవారి కీర్తికోసం కాదు. ఎదుటి మనిషిని వేడుకగా చూసే అలవాటు మనలో పెరగకుండా ఉండటం కోసం.

మన సంప్రదాయం ఈ ప్రశ్నకు మరోవైపు నుంచి వచ్చింది. తర్పణంలో మూడు తరాల పితృదేవతలను పేరు, గోత్రం చెప్పి తలుస్తాం. వారిలో ఎందరి ముఖాలో మనం ఎరగం. న్యూహేవెన్‌లో రూపం మిగిలి నామం జారితే, మన ఇళ్ళలో నామం మిగిలి రూపం జారింది. అయితే తర్పణం అక్కడితో ఆగదు. తల్లీ తండ్రీ బంధువులూ ఎవరూ లేనివారికోసం కూడా చివరన నీళ్ళు విడుస్తాం. స్మరణ మనవాళ్ళకే పరిమితం కారాదన్న ధర్మం అందులో ఉంది.

ఈ ధర్మానికి మన ఇంటి ఆల్బమే తొలి పరీక్ష. తాతగారి పెళ్ళి ఫొటోలో వరుసగా నిలిచిన బంధువుల పేర్లు అమ్మమ్మ తడుముకోకుండా చెబుతుంది. ఆ అంచున, సగమే కనిపిస్తూ, పళ్ళెం పట్టుకొని నిలిచిన మనిషి ఎవరు? అడగవలసిన ప్రశ్న అది. చెప్పగలిగినవారు ఉండగానే అడుగుదాం. ఫొటో వెనుక, పెన్సిల్‌తో, పిల్లల చేతనే ఆ పేరు తెలుగులో రాయిద్దాం.