కనురెప్ప మీది మడత



దేవుడిచ్చిన ముఖమును కత్తితో మార్చుకొనుట విశ్వాసికి తగునా అని కొందరు ఈ మధ్య మమ్మును అడిగిరి. అది ఊరకే అడిగిన ప్రశ్న కాదు. మా వెంగల్ వైపు ఉన్న తెలుగు కుటుంబములలో ఒకదానికి ఈశాన్య రాష్ట్రమునుండి కోడలు వచ్చినది. చెన్నపట్టణములో నర్సుగా పనిచేయుచు, ఆరాధనలో మన అబ్బాయిని ఎరిగిన పిల్ల. పుట్టుకతో బాప్తిస్టులనువారు మనలో ఎవరును లేరు గాని, తాతగారి కాలమునుండి ఆ ఇంట అందరును బాప్తిస్మము పొందినవారే. పెండ్లికి నాలుగు నెలల ముందు ఆ పిల్ల తన కనురెప్పలకు శస్త్రచికిత్స చేయించుకొనెను. కంటిజబ్బు ఏదియు లేదు. పైరెప్ప మీద మడత రావలెనని చేయించుకొనినది. పేరు చెప్పకుండ ఈ సంగతి వ్రాయుటకు ఆమె ఒప్పుకొనినది.

ఆ మడత ఏమిటో అద్దములో చూచుకొనిన తెలియును. రెప్పను పైకెత్తు కండరపు సన్నని పోగులు కొన్ని చర్మమునకు అంటియుండుటచేత, మనము కన్ను తెరచినప్పుడు చర్మము లోనికి మడత పడును. తూర్పు ఆసియా దేశస్థులలోను, మన ఈశాన్య రాష్ట్రముల వారిలోను చాలమందికి ఈ మడత ఉండదు. దానివలన చూపునకు ఏ కొరతయు లేదు. జపానులో మికామో అను వైద్యుడు 1896లోనే దారపు కుట్లతో ఈ మడతను కలిగించు విధానమును ప్రకటించెను. కొరియా యుద్ధము ముగిసిన తరువాత అక్కడ పనిచేసిన మిల్లార్డ్ అను అమెరికా సేనావైద్యుడు ఇట్టి చికిత్సలు చేసి 1955లో వాటిని గూర్చి వ్రాసెను. నేడు దక్షిణ కొరియాలో ఇది సర్వసాధారణమైన సంగతి.

కోత చిన్నదే గాని కోలుకొనుట అంత చిన్నది కాదు. రెప్పలు ఉబ్బి, చుట్టు కమిలి, మొదటి దినములలో ఆ పిల్లకు ఎదుటి మనిషి సరిగా కనబడలేదు. మంచుగడ్డ గుడ్డలో చుట్టి ఒత్తుకొనవలెను, తలక్రింద రెండు దిండ్లు పెట్టుకొనవలెను, వంగరాదు, కండ్లు నులుమరాదు. వారము లోపల కుట్లు తీసిరి. రెప్ప పూర్తిగా కుదురుకొనుటకు నెలలు పట్టునని వైద్యులు చెప్పిరి. సంఘపు స్త్రీలు కొందరు చూడబోయిరి, కొందరు పోలేదు. పోయినవారిలో ఒకామె, “ఇప్పుడు మన పిల్లలాగున్నావమ్మా” అనెను. మెచ్చుకొనుటకే అన్నది. ఆ మాటకు ఆ పిల్ల ఏడ్చెను. కుట్లు ఇంకను పచ్చిగా ఉన్నందున కండ్లు తుడుచుకొనుటకును వీలులేకపోయెను.

ఇక విమర్శకుల మాట. యెజెబెలు కండ్లకు రంగు పూసికొనిన సంగతిని కొందరు ఎత్తిచూపుచున్నారు. ఆ వాక్యభాగమును మేమును చదివితిమి. యెజెబెలు లెక్క అప్పగించవలసినది నాబోతు రక్తమునకు గాని కాటుకకు కాదు. కండ్లను గూర్చియే మాటలాడవలెనంటే ఆదికాండము 29వ అధ్యాయములో లేయా ఉన్నది. ఆమె కండ్లు బలహీనమైనవి, చెల్లెలు అందగత్తె. తండ్రి ఆమెను చీకటిలో, మోసముతో పెండ్లికొడుకునకు అప్పగించెను. అందులో తప్పు లాబానుదా, లేయా కండ్లదా? అదే అధ్యాయములో, ఆమె ద్వేషింపబడుట దేవుడు చూచెనని ఉన్నది.

చూపు కొరకైతే సరి, రూపు కొరకైతే పాపము అని ఒక పెద్ద తేల్చివేసెను. చెవికి ఇంపుగానే ఉన్నది గాని ఈ సూత్రము నిలువదు. తిరువళ్ళూరులో రైలెక్కి అరక్కోణము మీదుగా కాట్పాడిలో దిగి వేలూరు ఆసుపత్రికి పోయినవారు మనలో ఎందరో ఉన్నారు. ఆ ఆసుపత్రిలో పనిచేసిన పాల్ బ్రాండ్ దొరగారు 1914లో కొల్లిమలలో బాప్తిస్టు మిషనరీలకు పుట్టినవారు. 1946లో వేలూరు వచ్చి కుష్ఠువ్యాధిగ్రస్తుల వంకరపోయిన చేతులను బాగుచేయు చికిత్సలకు పేరుపొందిరి. భార్యయైన మార్గరెట్ దొరసానిగారు అట్టి రోగుల కండ్లకు వైద్యము చేసిరి. కుష్ఠు ముఖనరమును పాడుచేసిన రెప్ప మూతపడదు. మూతపడని కన్ను ఎండి, పుండుపడి, గ్రుడ్డిదగును. అందుకని కణత దగ్గర నమలుటకు పనికివచ్చు కండరములో ఒక పాయను తీసి రెప్పకు కలుపుదురు. ఆ మీదట రోగి పండ్లు బిగించినప్పుడెల్ల రెప్ప మూయబడును. మనము తెలియకుండ చేయు పనిని అతడు రోజంతయు తలంచుకొని చేయవలెను. ఇది చూపు కొరకైన చికిత్స. దీనికి ఎవరును అడ్డు చెప్పరు.

అయితే కనుబొమల సంగతి ఏమి? కుష్ఠు కనుబొమల వెండ్రుకలను రాల్చివేయును. మందులతో రోగము పోయి, చేతులు బాగుపడి ఇంటికి వెళ్ళినవానిని, కనుబొమలు లేని ముఖము చూచి ఊరివారు దూరము పెట్టిరి, పని ఇయ్యలేదు. అందుచేత వేలూరులో తలమీది చర్మమును వెండ్రుకలతో సహా తెచ్చి కనుబొమలుగా అమర్చిరి. అవి తలవెండ్రుకలవలె పెరుగును గనుక కత్తిరించుకొనుచుండవలెను. కొందరు సంతోషము పట్టలేక కత్తిరింపక పొడుగుగా పెంచుకొనిరట! రూపు కొరకు చేసిన ఆ పనిని పాపమనగల ధైర్యము మాకు లేదు.

ఈ రెండును ఒకటే అని మేము చెప్పుట లేదు. ఆ రోగులు పోగొట్టుకొనినదానిని తిరిగి పొందిరి. ఈ పిల్ల తనకు ఉన్నదానిని వదలుకొనినది. పెండ్లికి వచ్చిన తల్లి, కూతురి ముఖము చాలసేపు చూచి ఏమియు అనలేదట. “మా అమ్మ కండ్లు, మా అమ్మమ్మ కండ్లు ఒకటే. ఇప్పుడు నావి వేరు” అని ఆ పిల్లయే మాతో చెప్పెను. అయినను ఒక విషయములో రెండును కలియుచున్నవి. అక్కడను ఇక్కడను కత్తి పడినది రోగము మీద కాదు, చుట్టు ఉన్నవారి చూపు పడిన చోట. పెండ్లి మాటలప్పుడు ఈమె ఫొటో చుట్టముల చేతులు మారెను. “నేపాలు పిల్లా?” అని ఒకరు, “ఫొటోలో నిద్రపోతోందేమి?” అని మరియొకరు నవ్విరి. అవి ఆమె చెవిని పడినవి. ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిన సంగతులలో ఒకటి, ఏ పిల్లవానిని రూపమును బట్టి పిలువరాదని. బడిపిల్లలకు చెప్పు ఈ పాఠము పెండ్లివారికి ఎవరు చెప్పుదురు?

వారు మనకు పరాయివారు కారు. 1836లో అమెరికా బాప్తిస్టు మిషను పంపిన డే దొరగారు తెలుగువారి యొద్దకు వచ్చిరి. అదే సంవత్సరము అదే మిషనుకు చెందిన నేథన్ బ్రౌన్ దొరగారు అస్సాములోని సదియా చేరిరి. అస్సాము మిషనువారే 1872లో నాగా కొండలకు సువార్త తీసికొనిపోయిరి. మన నెల్లూరు, ఒంగోలు, వారి కొండలు ఒక్క చెట్టు కొమ్మలే. అట్టివారిని మన పట్టణములలో కండ్లను బట్టి, జుట్టును బట్టి గేలిచేయుచున్నారు. 2014 జనవరిలో ఢిల్లీలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నిడో తానియా, తన రూపమును గేలిచేసినవారితో కలిగిన తగవులో దెబ్బలు తిని మరణించెను.

గేలి అనునది తమిళనాట స్థిరపడిన మనకు తెలియనిది కాదు. “గొల్టి” అను మాట వినని తెలుగువాడు చెన్నపట్టణములో ఉండడు. మన ముఖము మనలను పట్టియియ్యదు, నాలుకయే పట్టించును. అందుకే మన పిల్లలు చాలమంది వీధిలో తెలుగు మానివేసిరి. వారిని ఎవరును సంఘక్రమశిక్షణ క్రిందికి తేలేదు.

ఆ పిల్లను సండేస్కూలు బోధనకు పిలువరాదని ఒక మాట వచ్చినది. దానికి వాక్యాధారము ఏదియు మాకు కనబడలేదు. అట్లని, ఇదేమంత సంగతి, మీరును చేయించుకొనుడని మన ఆడపిల్లలతో చెప్పము. ఖర్చున్నది, మత్తుమందున్నది, కుట్టు మచ్చ మిగులవచ్చును, కోసిన రెప్పను మునుపటివలె చేయుట బహు కష్టము. ఇది చేయించుకొననిదే నన్ను ఒప్పుకొనరు అని ఒక పిల్లకు తోచిన ఇల్లు ఎటువంటిదో ఆ ఇంటివారే ఆలోచించుకొనవలెను.

1975 నుండి మన దేశములో అమ్ముడుపోయిన ఫెయిర్ అండ్ లవ్లీ పేరును 2020లో మార్చిరి. మన పత్రికలలోని వివాహ ప్రకటనలలో మాత్రము “తెల్లని, అందమైన” వధువు కావలెనను మాట మారలేదు. రక్షణ పొందినదా, బాప్తిస్మము పొందినదా అను మాటకంటె ముందు రంగు అచ్చగుచున్నది. రంగును, ముఖలక్షణములను తెలుపు మాటలను ఇకమీదట వివాహ ప్రకటనలలో తీసికొనకూడదని అసోసియేషను వచ్చే సర్వసభ్య సమావేశములో తీర్మానము పెట్టవలెనని సంపాదకులవారిని కోరుచున్నాము. ప్రకటనల రాబడి కొంత తగ్గవచ్చునని తెలిసియే అడుగుచున్నాము.