హ్రాంగ్‌ఖోల్‌లు: పుట్టుక కథ, విశ్వాసం

అస్సాంలోని దిమా హసావ్ జిల్లాలోనూ త్రిపురలోనూ నివసించే చిన్న జాతి హ్రాంగ్‌ఖోల్‌లు. వీరి భాష టిబెటో-బర్మన్ కుటుంబంలోని కుకీ-చిన్ శాఖకు చెందింది. బియాటే వంటి పొరుగు భాషలకు దగ్గరి బంధువు. సి.ఎ. సోపిట్ 1887లో ప్రచురించిన పుస్తకంలో ఈ భాష వ్యాకరణం క్లుప్తంగా ఉంది. తర్వాత గ్రియర్సన్ సంపాదకత్వంలో వెలువడిన భారత భాషా సర్వే ఈ భాషను 'పాత కుకీ' వర్గంలో చేర్చింది.

హ్రాంగ్‌ఖోల్‌లు చేరిన కుకీ-చిన్ జాతులు చాలావరకు తమ పూర్వీకులు ఒక గుహలోంచి, లేదా రాతి కింది రంధ్రంలోంచి భూమ్మీదికి వచ్చారని చెప్పుకుంటాయి. ఉదాహరణకు, ఈ జాతుల్లో ఒకరైన మిజోల కథలో రాల్తే వంశంవారు బయటికి వస్తూ పెద్దగా గోల చేశారు. మనుషులు మరీ ఎక్కువైపోయారనుకుని దైవం రాతితో ద్వారం మూసేసింది.

ఇప్పుడు ఈ జాతుల్లో చాలామంది క్రైస్తవులు. బైబిల్ ప్రకారం మానవులంతా ఆదాము హవ్వల సంతానం. మరి గుహ కథ అబద్ధమా? రెండు కథలూ ఒకే ప్రశ్నకు జవాబులైతే వైరుధ్యం తప్పదు. అయితే ఆదికాండం సృష్టికర్తకూ మనిషికీ ఉన్న సంబంధం చెబుతుంది. గుహ కథ ఎవరికి ఎవరు చుట్టమో చెబుతుంది. తండ్రి వైపు నుంచి వచ్చే వంశానికి అది ఒక ఆధారం. కాబట్టి దాన్ని చరిత్రగా నమ్మనివారికి కూడా బంధుత్వానికి సాక్ష్యంగా అది చెల్లుతుంది. మతం మారినంత మాత్రాన వంశం మారదు.