ఓపెన్‌కాస్టు గని: ఎవరి ఒప్పుదల?

పోయిన శుక్రవారం అల్ తుమామాలో ఒక మిత్రుని ఇంట భోజనాల దగ్గర మాట సింగరేణి మీదికి మళ్ళింది. బయట ఎండ మండిపోతోంది, లోపల ఏ.సి. హాయిగా ఉంది. అందువల్లనే కాబోలు, "దేశానికి కరెంటు కావాలంటే నాలుగు ఊళ్ళు ఖాళీ చెయ్యక తప్పదు" అని మాలో ఒకరు తేలిగ్గా అనేశారు. ఆ పూట మేమెవరం జవాబు చెప్పలేదు.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైనప్పటినుంచి చాలాకాలం సింగరేణి అంటే భూగర్భ గనులే. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్ళు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. 1975లో మొదలైన ఓపెన్‌కాస్టు పద్ధతిలో నీట మునగడం, కప్పు కూలడం అనే భయాలు బాగా తగ్గాయి. ఇవాళ సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం వాటినుంచే వస్తోంది. కార్మికుని ప్రాణం ముఖ్యమనుకునేవారు దాన్ని ఊరికే తిట్టిపోయలేరు.

అయితే పాత బాయిలో ప్రమాదం ఎవరిదో జీతమూ వారిదే. ఓపెన్‌కాస్టులో షావెళ్ళూ డంపర్లూ పని చేస్తాయి, మనుషులు కొద్దిమంది చాలు. పోయేది మాత్రం ఊరు మొత్తం. పక్క ఊరికి మిగిలేవి పేలుళ్ళకు బీటలిచ్చిన గోడలు, ఇంకిన బావులు, దుమ్ము, మట్టిగుట్టలు. ఆనాటి భోజనాల్లో ఉన్న గోదావరిఖని మిత్రుని తండ్రి బాయిపని చేసి రిటైరయ్యారు. మేనమామల ఊరు ఓపెన్‌కాస్టులో పోయింది. ఆయన ఎటూ మాట్లాడలేదు.

వైద్యులం గనుక మాకు తోచే పోలిక ఒకటే. ఆపరేషన్‌కు రోగి సంతకం తీసుకుంటాం. కోత పడేది ఎవరికో నయమయ్యేది వారికే. అయినా వద్దనే హక్కు ఆయనకుంది. ఇక్కడ కోత ఒకరికి, ఆరోగ్యం వేరొకరికి. మరి సంతకం ఇంకెంత గట్టిగా ఉండాలి? షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమి సేకరించే ముందు గ్రామసభను "సంప్రదించాలి" అంటుంది 1996 నాటి పెసా చట్టం. సంప్రదించడం వేరు, ఒప్పుదల వేరు; ఆసుపత్రిలో ఈ రెండింటినీ ఒకటి చేస్తే మమ్మల్ని కోర్టుకు లాగుతారు. 1997లో సమతా తీర్పు ఇంకొంత ముందుకు వెళ్ళి, లాభంలో కనీసం 20 శాతం అక్కడి నీళ్ళకు, బళ్ళకు, ఆసుపత్రులకు తీసిపెట్టాలంది. మా మట్టుకు మాకు, ఊరు వద్దంటే ఆగే పద్ధతి ఉన్నప్పుడే ఆ డబ్బుకు పరిహారమన్న పేరు తగుతుంది.

ఇక్కడ మన ఏ.సి.లు నడిచేది గ్యాసుతో. 1971లో కనుగొన్న నార్త్ ఫీల్డ్ సముద్రం అడుగున ఉంది. దానికోసం ఎవరి ఇల్లూ కూల్చలేదు. కనుక "తప్పదు" అనడం మనకు సులువు.

ఇంకొకటి. ఒడిశాలో అంగుల్ జిల్లా నైనీ బ్లాకును 2015లో సింగరేణికి కేటాయించారు. 2025లో తవ్వకం మొదలైంది. ఇన్నాళ్ళూ మన ఊళ్ళు పోతున్నాయని వాపోయినవాళ్ళం. పొరుగువారి అడవిలో గొయ్యి తవ్వుతున్నది ఇప్పుడు మన కంపెనీ. వచ్చే శుక్రవారం ఈ సంగతి ఎత్తాలని ఉంది.