ఉస్తాద్ పొరపాటు చేస్తుంటే మౌనం అదబ్ అవుతుందా?

మదనపల్లెలో ఒక జుమా నమాజు తర్వాత ఒక యువకుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. టమోటా లారీ మీద క్లీనరు. "మౌలానా సాబ్, ఒక మసలా అడగాలి" అన్నాడు. మార్కెట్లో లోడు ఎత్తుకొని రాత్రిపూట మద్రాసు పోతారు. పుంగనూరు, పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగేటప్పుడు డ్రైవరుకు కునుకు పడుతుంది. "చెబితే ఉస్తాద్‌కు కోపం. నాకే నేర్పిస్తావా అంటాడు. పోయిన నెల నలుగురి ముందు తిట్టాడు. అప్పటి నుండి మాట్లాడడం మానేశాను. పెద్దవాడు, పని నేర్పినవాడు. ఊరకుండడం అదబే కదా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అతను అదబ్ అంటున్నదానిలో సగం అలక ఉందనిపించింది. మంగుళూరు విమానం గుర్తుకొచ్చింది.

2010 మే 22 ఉదయం దుబాయి నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగుళూరులో రన్‌వే దాటిపోయి లోయలో పడింది. 166 మందిలో 158 మంది మరణించారు. గల్ఫ్‌లో కొడుకో, భర్తో ఉన్న ఇళ్ళు మన మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇళ్ళవారికి ఆ వార్త పరాయిది కాదు.

విమానానికి ఇద్దరు పైలట్లు ఉంటారు. పెద్దవాడు కెప్టెన్, రెండోవాడు ఫస్ట్ ఆఫీసర్. ఆ రోజు కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయి, దిగడానికి కొంత ముందే లేచాడు. విమానం ఉండవలసిన ఎత్తుకన్నా పైన ఉంది. ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు "గో అరౌండ్" అన్నాడు. అంటే దిగవద్దు, పైకి లేపి మళ్ళీ చుట్టి రమ్మని. యంత్రం కూడా హెచ్చరికలు చేసింది. కెప్టెన్ ఆగలేదు. సుమారు 8,000 అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు దాటాక చక్రాలు నేలను తాకాయి.

చిన్నవాడు మౌనంగా లేడు, చెప్పాడు. కానీ నియంత్రణను తన చేతిలోకి తీసుకోలేదు. ఆ అధికారం గురించి నియమాల్లో స్పష్టత లేకపోవడం బహుశా కారణమని విచారణ నివేదిక పేర్కొంది. ఆ ఇద్దరి మనసుల్లో ఏముందో అల్లాహ్‌కే తెలుసు. వారిని తీర్పు తీర్చడం మన పని కాదు.

1977 మార్చి 27న టెనెరిఫె ద్వీపంలో, పొగమంచులో, ముందున్న విమానం రన్‌వే నుండి తప్పుకుందా అని ఇంజనీరు సందేహం వెలిబుచ్చాడు. తప్పుకుందని కెప్టెన్ ధీమాగా చెప్పాడు. ఆయన ఆ సంస్థలో ఇతరులకు విమానం నడపడం నేర్పే పేరున్న ఉస్తాద్. ఇంజనీరు మళ్ళీ అడగలేదు. 583 మంది పోయారు. పోట్లాడుకునేవారూ లేకపోలేదు. 2018 జనవరి 1న లండన్ నుండి ముంబయి వస్తున్న విమానంలో ఇద్దరు పైలట్లు గొడవపడి కాక్‌పిట్ నుండి బయటికి వచ్చేశారు. వెనుక మూడు వందల మందికి పైగా ప్రయాణికులు! అల్లాహ్ దయవల్ల విమానం క్షేమంగా దిగింది.

ఇద్దరికీ స్వభావాలు కలవకపోవడం పాపం కాదు. ఒకరు దుడుకు, ఒకరు నెమ్మది. అయితే వెనుక కూర్చున్నవారి ప్రాణం వారి చేతిలో అమానతు. నన్ను తిట్టాడు గనుక నేను చెప్పను అనుకున్నవాడు శిక్షించేది ఉస్తాద్‌ను కాదు, ఆ అమానతును.

నమాజులో మనకు ఈ పాఠం రోజూ ఉంది. ఇమామ్ పొరపాటు పడితే ముఖ్తదీ "సుబ్‌హానల్లాహ్" అంటాడు. స్త్రీలైతే చేతితో చప్పుడు చేస్తారు. అంటే వారికీ ఆ హక్కు ఉంది. చివరి ఖాయిదా తర్వాత ఇమామ్ మరచి ఐదో రకాతుకు లేస్తే, లుఖ్మా ఇచ్చినా తిరిగి రాకపోతే, ముఖ్తదీలు వెంట లేవరు, కూర్చునే ఉంటారు. ఇమామత్‌కు గౌరవం పోలేదు, తప్పును అనుసరించనూ లేదు.

దైవప్రవక్త (స) ఒకసారి నాలుగు రకాతుల నమాజును రెండింటికే ముగించారు. హజ్రత్ అబూబకర్, హజ్రత్ ఉమర్ (రజి) అక్కడే ఉన్నారు, కానీ ఆయన పట్ల భయభక్తులతో మాట్లాడలేకపోయారు. అడిగినవాడు జుల్‌యదైన్ (రజి). నమాజు తగ్గించబడిందా, మీరు మరచారా అన్నారు. ప్రవక్త (స) ఆగ్రహించలేదు. మిగతావారిని విచారించి నమాజు పూర్తి చేసి, సజ్దా సహ్వ్ చేశారు. బుఖారీలో ఉన్న ఈ హదీసును పెద్దలు, ఇంటి యజమానులు, మస్జిద్ కమిటీ సదర్లు (నాతో సహా) చదవాలి. చెప్పే ధైర్యం చిన్నవాడి బాధ్యత అంటాం. ఆ ధైర్యాన్ని చంపేది చాలాసార్లు పెద్దవాడి నాలుకే.

విమానాల వారు ఇది గ్రహించారు. 1979 తర్వాత అమెరికాలో మొదలైన శిక్షణలో కెప్టెన్లకు వినడం, చిన్నవారికి చెప్పడం నేర్పుతున్నారు. కుప్పం మీదుగా పోయే రైళ్ళలోనూ లోకో పైలట్, అతని సహాయకుడు సిగ్నల్‌ను ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకుంటారు. అక్కడ అది ధిక్కారం కాదు, డ్యూటీ.

ఆ యువకుడితో అన్నాను: "బేటా, ఘాటులో కాదు, పగలే చెప్పు. నలుగురిలో కాదు, ఇద్దరే ఉన్నప్పుడు. కన్ను మూతపడితే భుజం తడతాను, కోపగించుకోవద్దని ముందే మాట తీసుకో. అప్పటికీ వినకపోతే బండి దిగిపో. యజమానికి చెప్పు. అది చాడీ కాదు."

కొన్ని వారాల తర్వాత కనిపించాడు. చెప్పాడట. ఉస్తాద్ ఏమీ అనకుండా బీడీ ముట్టించుకొని వెళ్ళిపోయాడట. ఆ రాత్రి మాత్రం పలమనేరులో తానే బండి ఆపి, "దిగు, టీ తాగుదాం" అన్నాడట.