అటక మీది వీణ

చిక్కడపల్లిలో మేం అద్దెకున్న పోర్షన్‌కి రెండే గదులు. ముందు గదిలో అక్క వీణ సాధన చేసేది. నేను ఇంటర్‌లోకి వచ్చి నారాయణగూడలో ఎంసెట్ కోచింగ్‌కి చేరాక అది నా చదువు గది అయింది. "తమ్ముడు చదువుకుంటున్నాడే" అంది అమ్మ, మామూలుగానే. అక్క వీణకి పాత దుప్పటి చుట్టింది. నాన్న దాన్ని అటక ఎక్కించాడు. ఎవరూ ఏడవలేదు, గొడవ పడలేదు. అందుకే కాబోలు, చాలా ఏళ్ళు అదొక సంఘటన అని కూడా నాకు తట్టలేదు.

తట్టింది మాండలిన్ శ్రీనివాస్ గురించి ఆలోచిస్తున్నప్పుడు. ఆఫీసు పని చేసుకుంటూ రాత్రిళ్ళు ఆయన కచేరీలు వినడం నాకు అలవాటు. శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ని ఐదారేళ్ళ పిల్లవాడు తీసి వాయించడం మొదలుపెట్టాడు. మాండలిన్ పాశ్చాత్య వాద్యం. మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది, గమకం పలకదు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టి, ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చుకుని, దాని మీద కర్ణాటక సంగీతం పలికించాడాయన. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ, 1981లో మద్రాసులో, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో. అప్పటికి పద్నాలుగేళ్ళు.

ఇలాంటి కథని మనం 'బాలమేధావి' అనే ఒక్క మాటతో ముగించేస్తాం. కానీ ఆరేళ్ళ పిల్లవాడు తనంతట తాను మద్రాసు వెళ్ళడు. అతనిలో ఏదో ఉందని తండ్రి గుర్తించాలి, కొత్త మాండలిన్ కొనాలి, గురువు దగ్గర కూర్చోబెట్టాలి. ఇల్లంతా ఊరు మారాలి. ప్రతిభ పిల్లవాడిదే కావచ్చు, దాన్ని మోసేది మాత్రం ఇల్లు. ఒక ఇల్లు ఒక్క పిల్లవాడి వెనక నిలబడితే మిగతావాళ్ళ సంగతేమిటి? ఆ పిల్లవాడు వాళ్ళకేమైనా బాకీ పడతాడా?

ఈ ప్రశ్న పట్టుకున్నాక నాకు ఇంకో ఇద్దరు అన్నదమ్ములు గుర్తొచ్చారు. శ్రీనివాస్ పుట్టిన 1969లోనే అమెరికా దక్షిణాదిన 'ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్' మొదలైంది. బ్లూస్, కంట్రీ, జాజ్ కలగలిసిన ఆ సంగీతానికి తరవాత సదరన్ రాక్ అని పేరొచ్చింది. గిటారిస్టు డ్యూయేన్ ఆల్‌మన్‌కి మూడేళ్ళప్పుడు, 1949లో, తండ్రిని ఒక అపరిచితుడు కాల్చి చంపాడు. తల్లి జెరాల్డీన్ అకౌంటెన్సీ చదువుకోవడం కోసం పిల్లలిద్దరినీ మిలిటరీ స్కూల్ హాస్టల్లో వేసింది. అమ్మకి తామంటే ఇష్టం లేదు కాబట్టే పంపించేసిందని అప్పట్లో అనుకున్నాననీ, ఆమె చేసింది త్యాగమని పెద్దయ్యాక గాని అర్థం కాలేదనీ తమ్ముడు గ్రెగ్ ఆత్మకథలో చెప్పుకున్నాడు.

ఇంట్లోకి మొదటి గిటార్ తెచ్చింది ఆ తమ్ముడే. పేపర్లు వేసి కూడబెట్టిన డబ్బుతో కొన్నాడు. అన్న దాన్ని లాక్కున్నాడు. ఇద్దరూ కొట్టుకున్నారు. చివరికి బడి మానేసి మరీ గిటార్ సాధన చేసిన అన్నే గొప్ప గిటారిస్టు అయ్యాడు. ఇక్కడితో ఆగిపోతే ఇది మనకి బాగా తెలిసిన కథే: ఒకడి వస్తువు, ఇంకొకడి పేరు. కానీ 1969 మార్చిలో కొత్త బ్యాండ్ కడుతూ, లాస్ ఏంజెలెస్‌లో ఉన్న తమ్ముణ్ణి డ్యూయేన్ పిలిపించాడు. మైకు అతనికిచ్చాడు. పాటలు రాయడం చాలామటుకు అతని పనే అయింది. తమ్ముడి గిటార్ తీసుకున్నవాడు తమ్ముడికి గొంతు చూపించాడు.

శ్రీనివాస్ ఇంట్లోనూ తమ్ముడున్నాడు, యు. రాజేష్. అన్న దగ్గరే మాండలిన్ నేర్చుకున్నాడు. తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని జంటగా కచేరీలు చేశారు. ఒకే ఇంట్లో, ఒకే వాద్యం మీద, అంత పేరున్న అన్న పక్కన వాయించడం తమ్ముడికి తేలికని నేననుకోను. అయినా వేదిక మీద అతనికి చోటు ఉంది. ఆ చోటే నాకు ముఖ్యం.

"నేను అడగలేదు కదా" అనొచ్చు. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. నిజమే, పదిహేడేళ్ళవాడు వీణని అటక ఎక్కించమని అడగలేదు. అడగనిదానికి తప్పు అంటగట్టడం న్యాయం కాదు. కానీ తప్పు వేరు, బాకీ వేరు. తండ్రి ఆస్తి తీసుకున్న కొడుకు ఆ ఆస్తి మేరకు తండ్రి అప్పూ తీర్చాలి. ఆ అప్పు అతను చేసిందేమీ కాదు, ఆస్తి తీసుకున్నాడంతే. నా ఇంజనీరింగ్ సీటు, ఉద్యోగం ఇంటి నుంచి నాకొచ్చిన ఆస్తి. దానిమీద ఉన్న అప్పు నాకు కనపడకపోవడానికి కారణం, ఎవరూ పత్రం రాసుకోకపోవడమే.

కొన్ని బాకీలు తీర్చే వీలు ఉండదు. డ్యూయేన్ 1971 అక్టోబర్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు, ఇరవై నాలుగేళ్ళకే. అప్పటికి అతని కూతురు గెలాడ్రియెల్‌కి రెండేళ్ళు. పెద్దయ్యాక ఆమె తండ్రిని ఎరిగినవాళ్ళ జ్ఞాపకాల్లోంచి ఆయన్ని వెతుక్కుంటూ 2014లో పుస్తకం రాసింది. శ్రీనివాస్ పోయిందీ ఆ ఏడాదే, సెప్టెంబర్ 19న, నలభై అయిదేళ్ళకి. శ్రోతలమైన మనం రికార్డింగులు మిగిలాయి కదా అనుకుంటాం. ఇంట్లోవాళ్ళకి అది ఓదార్పో కాదో మనం తేల్చగలిగింది కాదు.

అశోక్‌నగర్ మీదుగా వెళ్ళినప్పుడల్లా గ్రూప్స్‌కి చదివే పిల్లల్ని చూస్తాను. చేతిలో జిరాక్స్ నోట్స్, సెంట్రల్ లైబ్రరీ దారి. వాళ్ళలో ఎంతమంది వెనక ఊళ్ళో చదువు ఆపేసిన చెల్లెలో, పొలంలో ఉండిపోయిన అన్నో ఉన్నారో! వాళ్ళని చదవొద్దనడం తెలివితక్కువతనం. గిల్టీగా ఫీలవ్వమనడం అంతకన్నా పనికిరానిది. గిల్ట్‌తో అవతలివాళ్ళకి ఒరిగేదేమీ లేదు. పైకొచ్చినవాడు వెనక్కి తిరిగి, నీకేం కావాలని అడిగి, జవాబు వినాలి. అంతే.

నేను అడగడంలోనే పొరపాటు చేశాను. మొదటి జీతాల్లోనే "అక్కా, కొత్త వీణ కొంటా" అన్నాను. అక్క నవ్వి, "వేళ్ళ మీద కాయలు ఎప్పుడో పోయాయిరా" అంది. నేను ఇస్తానన్నది నాకు తేలికైనది. నేను తీసుకున్నది డబ్బు కాదు, ఒక గదీ, కొన్ని సాయంత్రాలూ.

మొన్నామధ్య త్యాగరాయ గానసభలో ఒక వీణ కచేరీకి ఇద్దరం వెళ్ళాం. బయటికొచ్చాక ఈసారి సరిగ్గా అడిగాను. అక్క కాసేపు నడిచి, "ఆ పాత వీణకి మేళం కట్టించాలి. మైనం ఎండిపోయుంటుంది," అంది. తర్వాత, "అది నేను చూసుకుంటాలే. నువ్వు ఆదివారం పొద్దున రెండు గంటలు పిల్లల్ని చూసుకో," అంది.

ఇప్పటికి ఆరు ఆదివారాలు అయ్యాయి. ఒక ఆదివారం ఆఫీసు కాల్ ఉందని వెళ్ళలేదు. అక్క ఏమీ అనలేదు. అప్పుడూ ఏమీ అనలేదు.